తలా ఏడు కిలోలు

మూడున్నర కిలోల మైసూర్‌పాక్‌ని ఇద్దరికి సమానంగా పంచితే తలా ఎంత వస్తుంది? ఏడు కిలోలు. ఈ లెక్క కట్టింది నేనే. నిద్రమత్తులో కట్టింది కాదు. పట్టపగలు, కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, తెల్లకాగితం మీద రూళ్ళకర్రతో మార్జిన్ గీసుకుని మరీ కట్టాను. జవాబు కింద రెండు గీతలు కూడా కొట్టాను, ఆఫీసులో గ్రాండ్ టోటల్ కింద కొట్టినట్టు.

డిఫెన్స్ అకౌంట్స్‌లో 34 ఏళ్ళు పనిచేశాను. ఇతరుల పద్దుల్లో తప్పులు పట్టడమే నాకు అన్నం పెట్టిన విద్య. రిటైరయ్యాక సైనిక్‌పురిలో స్థిరపడ్డాం. మాజీ సైనికుల కోసం వెలిసిన కాలనీ ఇది. పాత బంగళాల్లో సగం ఇప్పుడు కాఫీ షాపులూ బట్టల దుకాణాలూ అయిపోయాయి గానీ, మిగిలిన గేట్ల పక్కన ఇంకా నల్లరాతి పలకలున్నాయి: పేరు, పేరుకి ముందు ర్యాంకు, వెనక బ్రాకెట్లో రిటైర్డ్. ఇన్ని ర్యాంకుల మధ్య తిరిగే మనిషికి తనకూ ఒకటుంటే బాగుండుననిపిస్తుంది. అలా నాకు నేనే ఇచ్చుకున్న హోదా ‘లెక్కల తాతగారు’. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మా ఆవిడ నవ్వింది, అంతే.

మనవరాలు ఏడో తరగతికి వచ్చింది. భిన్నాల భాగహారం మొదలైంది. ఒకరోజు దాని పక్కన కూర్చుని చూస్తే, గబగబా రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించి పారేస్తోంది. “కీప్, చేంజ్, ఫ్లిప్ తాతయ్యా” అంది. మొదటిది అలాగే ఉంచు, భాగహారం గుర్తుని గుణకారం చెయ్యి, చివరిదాన్ని తిరగెయ్యి. “ఎందుకు తిరగెయ్యాలే?” అన్నాను. “మిస్ చెప్పారు.” నాకు నవ్వొచ్చింది. ఈ కాలం పిల్లలకి బట్టీ తప్ప ఏమీ రాదని రాత్రి భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. మా మేష్టారు చెప్పారన్న ఒక్క కారణంతో నేను కూడా చిన్నప్పట్నుంచీ తిరగేస్తూనే ఉన్నానని మాత్రం ఆ ఉపన్యాసంలో ఎక్కడా రాలేదు.

పరిష్కారం కూడా నేనే కనిపెట్టాను. పిల్లలకి లెక్క నిత్యజీవితంలోంచి రావాలి. మిఠాయి, మజ్జిగ, జాకెట్టు గుడ్డ, దారపు ఉండ, ఇలాంటివాటి మీద భిన్నాల భాగహారానికి 40 లెక్కలు కట్టి, చిన్న పుస్తకం వేసి, ఆగస్టు 15న జెండా వందనం దగ్గర కాలనీ పిల్లలకి పంచాలి. పేరు కూడా పెట్టేశాను, ‘సరదా భిన్నాలు’. లెక్కలకంటే ముందు ముందుమాట రాశాను. అక్కడే తెలుసుకోవాల్సింది, మనిషి ఎటు పోతున్నాడో.

ఆ ముందుమాట ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. అందులో 9వ శతాబ్దపు మహావీరాచార్యుడున్నాడు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ఆయన సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో తెలుగు చేసిన పావులూరి మల్లన ఉన్నాడు. భాగించే భిన్నాన్ని తిరగేసి గుణించమన్న సూత్రం 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడనీ, 1150లో భాస్కరుడి లీలావతిలోనూ ఉందనీ రాశాను. మన పాత లెక్కల్లో భిన్నాలు నాలుగో వంతుల మీద నడిచాయనీ, పావులో పావు వీసమనీ, వీటికి తెలుగులో నిలువు గీతలతో, అడ్డగీతలతో విడిగా గుర్తులుండేవనీ, అవి 2008లో యూనికోడ్‌లో కూడా చేరాయనీ రాశాను. ఒక్కటీ తప్పు కాదు. మల్లన తర్వాత నేనే అన్న ధ్వని ఒకటుంది చూడండి, అది తప్పు. వెయ్యేళ్ళ చరిత్ర చెప్పినవాడికి మూడున్నర కిలోలు ఇద్దరికి పంచడం రాలేదు.

రాతప్రతి తీసుకుని ఏ.ఎస్.రావు నగర్ వైపు దారిలో ఉన్న ఒక జిరాక్స్ షాపుకి వెళ్ళాను. అక్కడ తెలుగు టైపు చేసే అమ్మాయి ఉంది. చేతి వేగం చూడాలి, మాట్లాడుతూనే కొట్టేస్తుంది. నాలుగు రోజుల తర్వాత ప్రూఫులు దిద్దడానికి వెళితే, కాగితాలు నా చేతికిస్తూ ఆగింది.

“సార్, ఈ మొదటి లెక్క ఒక్కసారి చూస్తరా? మూడున్నర కిలోలు తెచ్చి ఇద్దరికి పంచితే తలా ఏడు కిలోలు ఎట్లొస్తయి సార్?”

“టైపులో పొరపాటు పడుంటుందమ్మా. నేను రాసింది చూడు.”

చూపించింది. నా దస్తూరీ. ఏడు. కింద రెండు గీతలు.

ఇక్కడ ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను ఆగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, “భిన్నాల్లో అంతేనమ్మా. భిన్నంతో భాగిస్తే తగ్గదు, పెరుగుతుంది. అది పైతరగతి లెక్క, నీకు తెలీదులే” అన్నాను. నిజానికి అందులో మొదటి ముక్క సత్యమే. ఒకటికంటే చిన్న భిన్నంతో భాగిస్తే జవాబు పెరుగుతుంది. మూడున్నరని అరతో భాగిస్తే ఏడే. ఆ సత్యాన్ని డాలులా అడ్డం పెట్టుకుని ఒక ఆడపిల్ల మామూలు తెలివిని కొట్టిపారేశాను. ఆ అమ్మాయి మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగి, “ఆ దుకాణం ఎక్కడుందో చెప్పండి సార్, నేను కూడా పోయి తెచ్చుకుంట” అంది. నాకు వినబడనట్టు నటించాను. వంద కాపీలకి ఆర్డరిచ్చి, అడ్వాన్సు కట్టి వచ్చేశాను.

ఆగస్టు 15న పంచాను. ఫొటోలు కూడా దిగాను.

రెండు రోజుల తర్వాత మనవరాలు పుస్తకం పట్టుకొచ్చింది. అది చదివింది 23వ లెక్క. ఐదున్నర లీటర్ల మజ్జిగ ఉంది, మనిషికి ముప్పావు లీటరు పోస్తే ఎంతమందికి వస్తుంది? వెనకపేజీలో జవాబు: ఏడూ ఒకటిబై మూడు మంది.

“తాతయ్యా, ఈ మూడోవంతు మనిషి ఎవరు?”

“అంటే... అది లెక్క కోసం.”

“చంటిపిల్లాడా?”

దానికి జవాబు చెప్పలేక లీలావతి మీదికి పోయాను. అందులో తుమ్మెదల లెక్కలున్నాయని చెప్పాను. గుంపులో ఐదోవంతు ఒక పువ్వు మీద వాలింది, మూడోవంతు ఇంకో పువ్వు మీద, అలా. చెబుతూ చెబుతూనే నోరు పడిపోయింది. భాస్కరుడి లెక్కల్లో ఒక గుంపులో తుమ్మెదలు 15, ఇంకో గుంపులో 72. ఆ సంఖ్యలు ఊరికే పడ్డవి కావు. ఏ తుమ్మెదా సగానికి తెగిపోకుండా ఆయన జాగ్రత్తగా ఏరుకున్నాడు. నేను మనుషుల్ని తెగనరికాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మజ్జిగ కంటే మైసూర్‌పాక్ ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు మా చెల్లెలికి ఫోన్ చేశాను. అది బడిలో లెక్కలు చెబుతుంది. నా గొడవంతా విని, “అన్నయ్యా, ఒకటీ ముప్పావుని అరతో భాగించడానికి ఒక కథ చెప్పు, ఇప్పుడే” అంది.

“దానికేముంది, ఒకటీ ముప్పావు కిలో లడ్డూలు, ఇద్దరు పిల్లలు...”

“చూశావా. మళ్ళీ ఇద్దరు పిల్లలే.”

లిపింగ్ మా అనే చైనా ఆవిడ 1999లో ఒక పుస్తకం వేసిందట. అందులో అమెరికాలో 23 మంది టీచర్లకీ, చైనాలో 72 మంది టీచర్లకీ ఇదే లెక్క ఇచ్చి, దీనికి పిల్లలకి చెప్పే కథ ఒకటి అల్లమన్నారు. 72 మంది చైనా టీచర్లూ జవాబు సరిగ్గా చెప్పారు, పదిమందిలో తొమ్మిదిమంది కథ కూడా చెప్పారు. అమెరికా వాళ్ళలో సగానికి పైగా మందికి లెక్కే రాలేదు. దానికి తగ్గ కథ అల్లగలిగింది ఒక్కరు. మిగతావాళ్ళు ఎక్కువగా చేసిన తప్పు నాదే. అరతో భాగించమంటే ఇద్దరికి పంచేశారు, లేదా సగం తీసేశారు. నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. సముద్రాలవతల నా తోటి మూర్ఖులున్నారు! ఆ సంతోషం ఫోన్ పెట్టేసేదాకా నిలిచింది. వాళ్ళలో ఎవరూ పుస్తకం అచ్చేసి జెండా కింద పంచలేదు కదా అని మా ఆవిడ గుర్తుచేసింది.

ఎర్రపెన్ను తీశాను. 40 లెక్కల్లో 26 తప్పు. వాటిలో కొన్ని ‘అరతో’ అన్నచోట ‘ఇద్దరికి’ అయినవి, కొన్ని అసలు భాగహారమే కానివి. ఉదాహరణకి, నాలుగున్నర మీటర్ల గుడ్డలో ముప్పావు వంతు వాడితే ఎంత గుడ్డ పట్టింది అని అడిగాను. అది గుణకారం. మూడు మీటర్లకి పైచిలుకు వస్తుంది. నేను భాగహారం చేసి ఆరు మీటర్లు వేశాను, ఉన్నదే నాలుగున్నర అయితే. ఇంకో ఐదు లెక్కల్లో మనుషులు ముక్కలయ్యారు. సరిగ్గా ఉన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఆరు మనవరాలి పాఠ్యపుస్తకంలోంచి పేర్లు మార్చి ఎత్తినవి.

ఇంత చదువుకున్నవాణ్ణి ఎక్కడ దారి తప్పానా అని ఆలోచిస్తే, పంచడం అన్న మాట దగ్గర తేలింది. నా బుర్రలో భాగహారమంటే పంపకం. భాగం అంటేనే వాటా. వాటా అనగానే మనుషులు కావాలి, మనుషులు అరగా ముప్పావుగా ఉండరు కనుక నా చెయ్యి తనంతట తాను ఇద్దర్ని తెచ్చి కూర్చోబెట్టింది. కథ ఒక ఊరు పోయింది, లెక్క ఒక ఊరు పోయింది. మరి చిన్నప్పుడు పలక మీద భాగహారం చేసేటప్పుడు ఏమనేవాళ్ళం? ‘పన్నెండులో మూడు ఎన్నిసార్లు పోతుంది?’ ఇప్పటికీ పిల్లలు అదే అంటారు. పోవడం! అక్కడ పంపకం లేదు, మనుషుల్లేరు. ఒక కొలత ఇంకో దాంట్లో ఎన్నిసార్లు పడుతుందో చూడటమే ఉంది. పెద్దయ్యాక ఆ మాట ఎక్కడో జారవిడుచుకున్నాను.

మాది తణుకు దగ్గర పల్లె. మా అమ్మ గాబులోంచి బియ్యం కొలిచి తీస్తుంటే మొదటి దాన్ని ఒకటి అనేది కాదు, ‘లాభం’ అనేది. లాభం, రెండు, మూడు... తవ్వకి రెండు సోలలు, మానికకి రెండు తవ్వలు, కుంచానికి నాలుగు మానికలు. అంటే కుంచంలో పదహారు సోలలు. సోల కుంచంలో వీసం వంతన్నమాట. ఒకటిని వీసంతో భాగిస్తే పదహారు. ముందుమాటలో వీసం గురించి అంత గొప్పగా రాసినవాణ్ణి, దాంతో భాగించడం అమ్మ చేతిలో రోజూ చూసినవాణ్ణి, ఈ రెంటినీ ఏనాడూ ఒక దగ్గర పెట్టి చూడలేదు. ఆవిడ పెద్దబాలశిక్ష దాటి చదవలేదు. దాటనవసరం కలగలేదేమో.

సరే, దిద్దుకుందామని మనవరాలిని వంటింట్లోకి పిలిచాను. పాలగిన్నెలో లీటరూ ముప్పావు నీళ్ళు పోశాను. అరలీటరు పట్టే స్టీలు చెంబు ఒకటి తెచ్చాను. ఎన్ని చెంబులొస్తాయో ముంచి చూడమన్నాను. ముంచింది. ఒకటి, రెండు, మూడు చెంబులు నిండుగా వచ్చాయి. గిన్నె అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి.

“మూడు చెంబులు. పావు లీటరు మిగిలింది” అంది.

“కాబట్టి జవాబు మూడున్నర.” విజయగర్వంతో అన్నాను.

“మూడుంపావు కదా తాతయ్యా? మిగిలింది పావు.”

మళ్ళీ నోట మాట లేదు. పిల్ల చెప్పిందీ నిజమే, పుస్తకం చెప్పేదీ నిజమే. గిన్నెలో ఉన్నది పావు లీటరే, సందేహం లేదు. మా ఆవిడ గట్టు దగ్గర బెండకాయలు తరుగుతోంది. తలెత్తకుండానే, “చెంబులో పొయ్యండి” అంది. పోశాం. చెంబు సగానికి వచ్చింది. మనవరాలు చెంబులోకి తొంగిచూసి, గిన్నెలోకి తొంగిచూసి, “లీటర్లలో పావు. చెంబుల్లో సగం” అని నిదానంగా అంది. జవాబు లీటర్లలో రాదు, చెంబుల్లో వస్తుంది. నాకు 67వ ఏట తెలిసింది ఈ సంగతి. మజ్జిగ లెక్కలో మిగిలిన పావు లీటరు మూడోవంతు మనిషి ఎలా అయ్యాడో కూడా అప్పుడే తెలిసింది. అతను మనిషి కాదు, ముప్పావు లీటరు పట్టే గ్లాసులో మూడోవంతు. లెక్క సరిగ్గానే ఉంది, గ్లాసులని అడగాల్సినచోట మనుషులని అడిగాను.

ఇక తిరగెయ్యడం. అదీ ఆ చెంబుతోనే దొరికింది. లీటరుకి రెండు చెంబులు. కాబట్టి ఎన్ని లీటర్లున్నా దానికి రెండింతలు చెంబులు. అరతో భాగించడం రెండుతో గుణించడం ఎందుకయిందంటే అంతే, ఇంక రహస్యమేమీ లేదు. “ముప్పావు అయితేనో?” అంది పిల్ల. కిలో మిఠాయిని ముప్పావు కిలో డబ్బాల్లో సర్దామనుకుందాం. ఒక డబ్బా నిండుతుంది, పావు కిలో మిగులుతుంది. ఆ పావు రెండో డబ్బాలో మూడోవంతు నింపుతుంది. కిలోకి ఒకటీ ఒకటిబై మూడు డబ్బాలు, అంటే నాలుగుబై మూడు. మూడుబై నాలుగు తలకిందులైంది! కిలోకి అన్ని డబ్బాలైతే ఐదున్నర కిలోలకి ఐదున్నర రెట్లు. వ్యుత్క్రమం అని అంత నోరు తిరగని పేరు పెట్టారు గానీ, అది ‘ఒకటికి ఎన్ని’ అన్న ప్రశ్నకి జవాబు. మనవరాలు వెంటనే రెండుబై మూడుతో తనే చేసింది. నేను కాగితం మీద సరిచూసుకుని గానీ ఒప్పుకోలేదు. అలవాటు.

అయితే పంపకం కథకి అసలు చోటే లేదా అన్న పీకులాట ఒకటి మిగిలింది. దానికి జవాబు పొద్దున నడకలో దొరికింది. నాతోపాటు నడిచే శ్రీకాకుళం పెద్దమనిషి సుబేదార్ మేజర్‌గా రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇద్దరం మెల్లగానే నడుస్తాం. ఆయన ఫోన్లో చూసుకుని, “అరగంటకి ఒకటీ ముప్పావు కిలోమీటర్లండీ. గంటకి మూడున్నర. మా రోజుల్లో ఇలా నడిస్తే పనిష్‌మెంటే” అన్నారు. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. ఒకటీ ముప్పావు, అర, మూడున్నర! అదే లెక్క. అర వంతు తెలిస్తే మొత్తం ఎంత అని ఆయన రెట్టింపు చేసుకున్నారు. ఇద్దరు మనుషులకి పంచినప్పుడు ఒక్కొక్కరికి ఎంత అని ఎలా అడుగుతామో, అర గంటకి పరిచిన దూరం నుంచి ఒక్క గంటకి ఎంత అని అలాగే అడిగారు. “మీరిప్పుడు భిన్నంతో భాగించారండీ” అన్నాను. ఆయన కంగారుగా, “నేనేం చెయ్యలేదండీ” అన్నారు.

దిద్దిన పుస్తకం సిద్ధమైంది. 40 లెక్కలు కాదు, 11. ముందుమాట తీసేశాను. పాత కాపీలు ఇంటింటికీ వెళ్ళి వెనక్కి తీసుకోబోతే 38 దొరికాయి. మిగిలినవి ఎక్కడున్నాయో, ఏ పిల్లవాడు ఏడు కిలోల మైసూర్‌పాక్ కోసం ఇంట్లో పేచీ పెడుతున్నాడో తెలీదు. ఒక కర్నల్‌గారింట్లో మాత్రం, “చాలా బాగుంది సార్, మావాడు అన్నీ చేసేశాడు” అన్నారు. అన్నీ చేశాడట! వెనక జవాబులతో సరిపోయాయట. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కథ చదవకుండా, అంకెలు ఏరుకుని, తిరగేసి, గుణించేశాడు. అచ్చం నాలాగే.

జిరాక్స్ షాపుకి వెళ్ళడానికి వారం పట్టింది. పక్క వీధి దాకా రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చాను. మూడోసారి అరకిలో మైసూర్‌పాక్ డబ్బా కొన్నాను. ఒట్టి చేతుల్తో క్షమాపణ చెప్పేంత ధైర్యం లేదు నాకు. లోపల ఆ అమ్మాయి, జిరాక్స్ తీసే కుర్రాడు, ఇద్దరే ఉన్నారు. కౌంటర్ మీద డబ్బా పెట్టి, కొత్త రాతప్రతి దాని పక్కన పెట్టి, “ఆ రోజు నువ్వు చెప్పిందే రైటమ్మా. తప్పు నాది. నీకు తెలీదన్నాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు” అన్నాను. అనేశాక తెలిసింది, ముందు నుంచీ కష్టమైంది లెక్క కాదని.

ఆ అమ్మాయి డబ్బా తిప్పి దాని మీద తూకం చదివింది. పక్కనున్న కుర్రాడి వైపు చూసింది.

“అరకిలో. ఇద్దరమున్నం సార్” అంది. “మీ లెక్క ప్రకారం పంచితే తలా కిలో రావాలె.”